సూది వేసేది ఎవరు... సంతకం పెట్టేది ఎవరు?

పశువైద్య చట్టం తీరు ఒకటి.. సరిహద్దు పల్లెల వాడుక ఇంకొకటి

కెంచార్లహళ్ళి (చింతామణి): బోరు వెయ్యి అడుగులు దాటినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేని నేల ఇది. వానను నమ్ముకోలేని రైతు పాలను నమ్ముకున్నాడు. ఉమ్మడి కోలారుకు 'పట్టు, పాలు' జిల్లా అని పేరు ఊరికే రాలేదు. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినా డెయిరీ బట్వాడా మీద సంసారం నడిచే ఇళ్ళు రెండు వైపులా ఉన్నాయి. అలాంటి ఇంట్లో సీమావు పొదుగు గట్టిపడినా, ఈనిన మర్నాడు లేవలేక పడిపోయినా అది ఆవుకు వచ్చిన జబ్బు మాత్రమే కాదు. పిల్లల ఫీజు, సంఘంలో కట్టాల్సిన కంతు అన్నీ ఆ ఆవు మీదే ఉంటాయి.

అప్పుడు రైతు ఎవరికి ఫోన్ చేస్తాడు? చాలాసార్లు ఆస్పత్రి డాక్టరుకు కాదు. బైకుకు సంచీ తగిలించుకుని వచ్చే 'సూది వేసే ఆయన'కు. ఆయన ఈ ఊరివాడే కావచ్చు, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాడూ కావచ్చు. రెండు పక్కలా మాట ఒకటే, చుట్టరికాలు ఒకటే. పిలిస్తే పలుకుతాడు, అర్ధరాత్రైనా వస్తాడు, డబ్బులు బట్వాడా రోజున ఇచ్చినా సరే అంటాడు. ఇంతకన్నా ఏం కావాలంటాడు రైతు. కానీ ఆయన ఏ పని చేయొచ్చు, ఏది చేయకూడదు అనేదానికి ఒక చట్టం ఉంది. దాని సంగతి ఆవు చనిపోయాక గానీ గుర్తుకు రావడం లేదు.

చట్టంలో ఉన్నది ఇదీ..

భారత పశువైద్య మండలి చట్టం 1984లో వచ్చింది. మొదట కొన్ని రాష్ట్రాలకే వర్తించినా, తర్వాత మిగతావి శాసనసభ తీర్మానాలతో దాని కిందికి వచ్చాయి. కర్ణాటకలో, ఆంధ్రలో వేర్వేరు రాష్ట్ర మండళ్ళున్నాయి. చట్టంలోని 30వ సెక్షన్ చెప్పేది సూటిగానే ఉంది. రిజిస్టరులో పేరున్న పశువైద్యుడు తప్ప ఇంకెవరూ పశువైద్యం చేయకూడదు. ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టరు కొలువు, ఆరోగ్య ధ్రువపత్రం మీద సంతకం, కోర్టులో పశువైద్య నిపుణుడిగా సాక్ష్యం.. ఇవన్నీ ఆయనవే. ఆ రిజిస్టరులోకి ఎక్కాలంటే బీవీఎస్సీ డిగ్రీ ఉండాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళ చదువు.

దీనికో మినహాయింపు ఉంది. స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంట్, వెటర్నరీ సూపర్‌వైజర్ లాంటి డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను 'చిన్న సేవలు' చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. టీకాలు వేయడం, విత్తుకొట్టడం, గాయాలకు కట్టు కట్టడం ఉదాహరణలుగా చట్టంలోనే రాశారు. ఇంకేమైనా కలపాలంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది.. రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో, ఆయన చెప్పినట్టు చేయాలి.

డిప్లొమా ఉన్నవాళ్ళు ఊరుకోలేదు. మా బతుకుదెరువు ఏం కావాలని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2007లో ఉదయ్ సింగ్ దాగర్ కేసులో కోర్టు చట్టం వైపే నిలబడింది. డిగ్రీ లేనివాళ్ళకు చిన్న సేవలే మిగిలాయి.

డాక్టరుకు లేని పొలిమేర

మన సరిహద్దు పల్లెలకు అసలు చిక్కు ఇక్కడే. జాతీయ రిజిస్టరులో పేరున్న డాక్టరు దేశంలో ఎక్కడైనా వైద్యం చేయొచ్చు. తిరుపతిలో చదివి ఆంధ్ర మండలిలో నమోదైన డాక్టరు చింతామణిలో బోర్డు పెట్టుకుంటే, పేరును ఇటు బదిలీ చేయించుకునే దారి చట్టంలోనే ఉంది. సహాయకుడి సంగతి అలా కాదు. ఆయన సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదైనా పనికొస్తుంది గానీ, పని చేయడానికి అనుమతి మాత్రం ఆయా రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలి. అంటే ఆంధ్రలో గోపాలమిత్రగా శిక్షణ పొంది ఏళ్ళ తరబడి ఎద సూదులు వేసినవాడు కూడా, గట్టు దాటి కెంచార్లహళ్ళికి వచ్చి ఆవు మీద చెయ్యి వేస్తే, ఇక్కడి అనుమతి, ఇక్కడ ఆయన పనికి పూచీపడే డాక్టరు ఉండాలి. ఎంతమంది రైతులు ఈ సంగతి అడుగుతున్నారు? ఎవరూ అడగరు. అడిగితే మళ్ళీ రాడేమోనని భయం.

ఒక బాటిల్ చాలు

సూది వేయడం ఏం పెద్ద విద్య అనేవాళ్ళు ఉన్నారు. పాలజ్వరం సంగతి చూద్దాం. ఎక్కువ పాలిచ్చే సీమావు ఈనగానే రక్తంలో కాల్షియం పడిపోయి, మెడ పక్కకు తిప్పుకుని కూలబడుతుంది. కాల్షియం ఎక్కిస్తే గంటలో లేచి నిలబడుతుంది, చూసినవాళ్ళకు అది మహిమలా ఉంటుంది. అదే బాటిల్‌ను నరంలోకి గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. మందు ఒకటే. డాక్టరయితే గుండె కొట్టుకునే తీరు గమనిస్తూ నిదానంగా ఎక్కిస్తాడు, తేడా కనిపిస్తే ఆపేస్తాడు.

మాయ పడకపోతే చెయ్యి పెట్టి లాగేయడం ఇంకో వాడుక. గర్భసంచికి పుండు పడి, ఆ ఆవు మళ్ళీ చూడి కట్టక సంతకు పోతుంది. పదేపదే ఈసుకుపోయే ఆవుకు బ్రూసెల్లా ఉండొచ్చు. ఆ మాయను ఉత్త చేతులతో ముట్టుకున్న మనిషికీ అది అంటుకుంటుంది, నెలల తరబడి జ్వరం, కీళ్ళనొప్పులు. 2019లో మొదలైన జాతీయ పథకంలో గాలికుంటుతో పాటు ఈ జబ్బుకూ టీకా పెట్టింది అందుకే. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు ఇస్తారు.

ఇక సంచీలోని మందులు. పొదుగు వాపుకు యాంటీబయాటిక్ వేస్తే కొన్ని పూటల పాలు డెయిరీకి పోయకూడదు. ఆ మాట చెప్పాల్సింది చీటీ రాసినవాడే. చీటీయే లేనప్పుడు చెప్పేదెవరు? ఆ పాలు పోయేది మన పిల్లల గ్లాసులోకే. కొలిస్టిన్‌ను ఆహారానికి పెంచే పశువులకు వాడకూడదని 2019లో ఆపేశారు. డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో పశువులకు నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాన్ని తిన్న రాబందులు చచ్చిపోతున్నాయని తేలడం వల్లే ఇదంతా. రామనగర కొండల్లో 2012లో రాబందుల అభయారణ్యం పెట్టుకున్న రాష్ట్రం మనది. గుట్ట మీద పక్షిని కాపాడి, సంచీలో మందును వదిలేస్తే ఎట్లా?

డాక్టరు ఏడీ మరి?

తప్పంతా బైకు మీద వచ్చేవాడిదే అనడం తేలిక. ప్రతి 5,000 పశువులకు ఒక డాక్టరుండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. ఆ లెక్క ప్రకారం పోస్టులు పెట్టకుండా, ఉన్నవి నింపకుండా, 'అనర్హుల దగ్గరకు పోవద్దు' అని రైతుకు చెబితే వింటాడా? 2013లో గాలికుంటు కోలారు, చిక్కబళ్ళాపురం కొట్టాలను ఊడ్చేసింది. 2022లో ముద్దచర్మ వ్యాధి వచ్చి సంతలు, పశువుల రవాణా ఆపాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ముందు కొట్టంలోకి వచ్చింది ఎవరో ఈ పల్లెల్లో ఎవర్ని అడిగినా చెబుతారు.

1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే బండ్లు మంచి ఏర్పాటే. ఆంధ్రలో 2022 మే నెలలో 175 బండ్లతో మొదలుపెట్టారు, కర్ణాటకలోనూ అదే ఏడు తెచ్చారు. ఆంధ్రలో 2019 నుంచి గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకులను కూడా వేశారు. అయితే తాలూకాకు ఒకటి రెండు బండ్లు తిరిగినంత మాత్రాన, రాత్రిపూట అడ్డం తిరిగిన దూడకు సాయం అందుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

బ్రిటన్‌లో 1966 నాటి చట్టం కూడా వైద్యాన్ని డాక్టరుకే కట్టబెట్టింది. అయినా అక్కడ వెటర్నరీ నర్సులకు వేరే రిజిస్టరు ఉంది, డాక్టరు చెప్పిన మేరకు వాళ్ళు చేయగల పనులు రాసిపెట్టారు. మన దగ్గర డాక్టరుకు రిజిస్టరుంది గానీ, సహాయకుడి పేరు, ఆయన పనికి పూచీపడే డాక్టరు పేరు పక్కపక్కన రాసిన కాగితం డెయిరీ గోడ మీద కనిపించదు. చేయాల్సింది ఈ పనే. ఆయన్ను తరిమేస్తే రైతుకు ఉన్న ఆసరా కూడా పోతుంది. అనుమతించిన పనుల జాబితా కన్నడంలోనే కాదు, ఈ హోబళిలో తెలుగులో కూడా అతికించాలి. గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు శాఖల అధికారులు కూర్చుంటే, రాకపోకలు చేసే సహాయకులకు ఇక్కడి అనుమతి ఇచ్చే దారి తేల్చడం కష్టమేం కాదు.

అప్పటిదాకా రైతు తన జాగ్రత్తలో తాను ఉండాలి. బీమా ఉన్న ఆవు చనిపోతే కంపెనీ అడిగేవి రెండు.. చెవి పోగు, రిజిస్టరైన డాక్టరు సర్టిఫికెట్. పోగు ఊడిపోయినా, చివరిదాకా వైద్యం చేసినాయన సంతకం చెల్లకపోయినా పైసా రాదు. అందుకే ఆవు పడకేసిన రోజే, సూది ఎవరు వేసినా సరే, ఆస్పత్రి డాక్టరుకు కబురు పెట్టి చీటీ రాయించుకోవాలి. ఆ చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే అడగొచ్చు, అడిగితే తప్పేం లేదు.