కుందేలు లేని కుందేలు

ఆన్‌సైట్ పని మీద ఇంగ్లాండులో ఉన్న రోజుల్లో ఓ సాయంత్రం మా టీమువాళ్ళతో పబ్బుకెళ్ళాను. మెనూలో "వెల్ష్ రాబిట్" అని కనబడింది. శాకాహారిని కదా, ఆ వరస దాటేసి కిందికెళ్ళిపోయాను. పక్కనున్నాయన నవ్వి, "అందులో కుందేలు లేదయ్యా, కాల్చిన రొట్టె మీద కరిగించిన చీజ్, అంతే" అన్నాడు. మరి కుందేలని ఎందుకన్నారంటే ఇంకొకాయన అందుకుని, "అసలు పేరు రేర్‌బిట్, అంటే అరుదైన ముక్క. జనం నోట్లో పడి రాబిట్ అయింది" అని తేల్చేశాడు.

వినడానికి బానే ఉంది. కానీ ఇది తిరగేసిన కథ. రాబిట్ అన్న పేరు 1725 నాటికే రాతలో ఉంది. 1747లో హానా గ్లాస్ రాసిన వంటల పుస్తకంలో స్కాచ్ రాబిట్, వెల్ష్ రాబిట్, ఇంగ్లీష్ రాబిట్ అని వరసగా ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ కుందేలు లేదు. రేర్‌బిట్ మాత్రం 1780ల్లో గానీ కనబడదు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ తన నిఘంటువులో, రాబిట్ అంటే రేర్ బిట్ అన్నమాట అని వివరణ ఇచ్చాడు. అంటే ముందు పుట్టింది కుందేలే.

మనవాళ్ళూ చేస్తుంటారు ఈ పని. పాత కోడ్‌లో వింత పేరొకటి కనబడగానే, ఎవరినీ అడక్కుండా "ఇది తప్పు" అనుకుని మార్చేస్తారు. తీరా చూస్తే అది తప్పు కాదు, రాసినవాడు కావాలనే పెట్టిన పేరు.

ఇక్కడ కావాలని పెట్టింది వెక్కిరింత. అప్పటి ఇంగ్లీషువాళ్ళకి "వెల్ష్" అంటే నాసిరకం, అసలుకి బదులు వాడేది. అదే గ్రోస్ నిఘంటువు 1811 కూర్పులో "వెల్ష్ దువ్వెన" అంటే చేతి వేళ్ళు అని ఉంది! దువ్వెన లేనివాడికి వేళ్ళే దువ్వెన, మాంసం లేనివాడికి చీజే కుందేలు. అదీ జోకు.

అందుకే నా ఓటు రాబిట్‌కే. 1926లో భాషా వాడుక మీద ప్రసిద్ధమైన పుస్తకం రాసిన ఫౌలర్ కూడా రాబిట్టే ఒప్పు, రేర్‌బిట్ తప్పు అని గట్టిగానే చెప్పాడు. రేర్‌బిట్ అనడం వల్ల వేల్స్ వాళ్ళకి గౌరవమేమీ పెరగలేదు. వెక్కిరించిన సంగతి కనబడకుండా పోయింది, అంతే. నిజంగా గౌరవించాలనుంటే వాళ్ళ భాషలో ఆ వంటకానికి పేరుంది: కౌస్ పోబి, కాల్చిన చీజ్ అని. ఆ మాట ఇంగ్లీషువాళ్ళకి తెలియందేమీ కాదు. 1526లో లండన్‌లో అచ్చయిన హాస్య కథల పుస్తకంలో ఓ కథ ఉంది. స్వర్గంలో వేల్స్ వాళ్ళ గోల భరించలేక సెయింట్ పీటర్ గుమ్మం బయట నిలబడి "కౌస్ పోబి" అని కేకేస్తాడు. అందరూ బయటికి పరిగెడతారు, ఆయన లోపలికెళ్ళి తలుపేసుకుంటాడు.

అసలు "వెల్ష్" అన్న మాటే పరాయివాడు అన్న అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. తమ నేల మీద తామే పరాయివాళ్ళు! వాళ్ళని వాళ్ళు పిలుచుకునే పేరు కమ్రీ, అంటే ఒకే దేశంవాళ్ళు అని.

ఇదంతా మనకెందుకంటారా? మనకీ ఇలాంటి పేరొకటి ఉండేది: జెంటూ. (లినక్స్ కాదండీ, దాని పేరు ఓ పెంగ్విన్‌ది.) అన్యమతస్థుడు అనే అర్థమున్న పోర్చుగీసు మాట నుంచి పుట్టి, మద్రాసులో తెలుగువాళ్ళకీ తెలుగు భాషకీ పేరైపోయింది. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చేసినప్పుడు కూడా, జెంటూ అని పిలిచే భాష ఇదే అని పుస్తకం పేరులోనే చెప్పుకోవలసొచ్చింది. మనం ఆ జెంటూకి నగిషీలు చెక్కి మంచి అర్థాలు వెతుక్కోలేదు. దాన్ని చరిత్రకి వదిలేసి మన పేరు మనం వాడుకున్నాం. కుందేలు విషయంలోనూ చెయ్యాల్సింది అదే: చరిత్ర చెప్పేటప్పుడు రాబిట్, మర్యాదగా పిలిచేటప్పుడు కౌస్ పోబి. మధ్యలో ఈ రేర్‌బిట్ దేనికి?

అన్నట్టు, ఆ రోజు కుందేలు లేదు కదా అని లొట్టలేసుకుంటూ తినేశాను. అందులో కలిపే వూస్టర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ అనే చిన్న చేపలు వేస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. పేరులో ఉన్నది పళ్ళెంలో లేదు, పళ్ళెంలో ఉన్నది పేరులో లేదు :)