పాత్రలో మిగిలిన ద్రవము

రసాయన ప్రయోగమున కోరిన పదార్థము చేతికి వచ్చినంతనే పని ముగిసినదని తలంచుట పొరపాటని మా యభిప్రాయము. పాత్రలో మిగిలిన ద్రవమేమైనదో చెప్పగలిగినప్పుడే ప్రయోగము ముగిసినట్లు.

ఇందులకు గ్రాఫీన్ మంచి నిదర్శనము. పెన్సిలులోని గ్రాఫైటు కర్బనపు పొరల దొంతర. అందొక్క పొరయే గ్రాఫీన్. 2004లో మాంచెస్టరునందు గైమ్, నొవొసెలొవ్ అను శాస్త్రజ్ఞులు దీనిని వేరుచేసి, 2010లో నోబెల్ బహుమానమందిరి. ఇట్టి పొరలు విస్తారముగా కావలసినచో గ్రాఫైటును ఆక్సీకరించి, పొరలను విడదీసి, గ్రాఫీన్ ఆక్సైడుగా మార్చి, పిమ్మట అందలి ప్రాణవాయువును చాలవరకు తొలగింతురు. ఇదియే క్షయకరణము. ప్రాణవాయువు తొలగినకొలది పొరలు నీటిలో నిలువక యొకదానికొకటి అంటుకొని ముద్దకట్టును. కావున డైమిథైల్ ఫార్మమైడ్, ఎన్-మిథైల్ పిరోలిడోన్ అను కర్బన ద్రావణులను వాడుదురు. వీనియందు పొరలు మేలుగా విడివిడిగా నుండును.

అయితే వీనిలో మొదటిది కాలేయమునకును, రెండవది గర్భస్థ శిశువునకును హాని చేయగలవు. క్షయకరణమునకు వాడెడు హైడ్రజీన్ మిక్కిలి విషము. దానికి మారుగా విటమిన్ సి పనిచేయునని, నీటియందే గాక పై ద్రావణులయందును పనిచేయునని, 2010లో స్పెయిన్ దేశపు పరిశోధకులు ప్రకటించిరి. మన ఉసిరికాయలో నున్న వస్తువే యిది! సంతోషమే, కాని విషము సగమే తొలగినది. ద్రావణి పాత్రలో నుండనే యున్నది. దానిని బట్టిపట్టి మరల వాడుకొనవలెను, కాలువలో పోయరాదు.

"ప్రయోగశాలలోని గిద్దెడు ద్రవము లోకమును చెరచునా?" యని కొందరందురు. జవహర్‌నగరు వారిని అడుగుడు. హైదరాబాదు గృహిణి యొక్కొక్కతె పారవేసినది చేటెడు చెత్తయే. అదియే యచ్చట కొండయైనది. దానినుండి కారిన మురుగు భూగర్భజలమును చెరచినది. ఆ జవహర్‌నగరుననే 2008లో బిట్స్ విద్యాసంస్థ హైదరాబాదు ప్రాంగణము వెలసినది. విద్యయు వ్యర్థమును ఇంత చేరువగా నున్నచోట, ఒకటి రెండవదానిని మరువ వీలులేదు.

కావున విద్యార్థులారా, మీ ప్రయోగ పుస్తకమున "ఫలితము" అను మాట క్రింద ఇంకొక పంక్తి చేర్చుడు: "మిగిలినది ఏమి? అది యెచ్చటికి పోయినది?" ఉపాధ్యాయులు ఆ పంక్తికిని మార్కులు వేయవలెను. తలిదండ్రులు ఇంటియొద్ద దానినే అడుగవలెను.