వంద రూపాయల బిళ్లకు నాలుగు వేలా?

వంద రూపాయల నాణెం, ధరేమో 4,850 రూపాయలు! ఈ మాట వినగానే "అదేం లెక్కమ్మా!" అని ముక్కున వేలేసుకునేవాళ్ళే మనలో ఎక్కువ. కానీ 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారు ఎన్టీఆర్ శతజయంతి నాణేన్ని విడుదల చేశాక, మన తెలుగువాళ్ళు ఆ ధర పెట్టే కొనుక్కున్నారు. చెక్కపెట్టెలో ఉన్నది 4,850, అట్ట ఫోల్డరులో ఉన్నది 4,380, మామూలు అచ్చు రకం 4,050. కొన్నవాళ్ళలో అభిమానులున్నారు, నాణేలు పోగుచేసేవాళ్ళున్నారు. "రేపు ధర పెరుగుతుందట" అని ఎవరో చెబితే చీటీ డబ్బుల్లోంచి తీసి కొన్న ఇల్లాళ్ళూ ఉన్నారు. ఈ మూడో రకం వాళ్ళ కోసమే ఈ నాలుగు మాటలు.

ఈ మధ్య పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎవరు కలిసినా నన్ను ఇదే అడుగుతున్నారు. "స్మారక నాణేలు కొంటే లాభమేనా? బంగారంలాగా దాచుకోవచ్చా?" అని. సరే, ఏళ్ళ తరబడి నాణేలు పోగుచేస్తున్న నలుగురైదుగురితో కూర్చుని మాట్లాడాను. బ్యాంకులో రిటైరైన పెద్దాయన ఒకరు, స్కూలు టీచరు ఒకరు, ఇంట్లో ఉండే పాతికేళ్ళుగా ఆల్బములు నింపుతున్న గృహిణి ఒకావిడ, అమ్మకాలు చేసే డీలరు ఒకాయన. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. అయినా అందరూ ఒప్పుకున్నది ఒకటుంది. నాణెం మీద రాసిన విలువ వేరు, అందులోని లోహం విలువ వేరు, మింటు అమ్మే ధర వేరు, మనం అమ్మబోతే వచ్చే ధర వేరు. ఈ నాలుగింటినీ కలగాపులగం చేసుకోవడం వల్లే మోసపోతాం.

ముందు లోహం సంగతి చూద్దాం. ఎన్టీఆర్ నాణెం బరువు 35 గ్రాములు. అందులో సగం వెండి, నూటికి 40 పాళ్ళు రాగి, మిగిలిన పది పాళ్ళలో నికెలు, జింకు చెరిసగం. అంటే వెండి 17.5 గ్రాములన్నమాట. విడుదలైన రోజుల్లో మన దగ్గర వెండి గ్రాము సుమారు 80 రూపాయలుండేది. గుణించి చూసుకోండి, 1,400 రూపాయలవుతుంది. మిగతాదంతా ముద్రణ ఖర్చు, పెట్టె, పన్ను, పైగా దాని మీద ఉన్న మనిషి మీద మన అభిమానం. ఆ తర్వాత వెండి బాగా పెరిగింది, నిజమే. అందుకని "నా నాణెం ధర పెరిగింది" అని సంబరపడేవాళ్ళు ఒక్క లెక్క వేసుకోవాలి. అదే 4,850 రూపాయలకు ఆ రోజున అచ్చమైన వెండి కొని ఉంటే 60 గ్రాములు వచ్చేది. పెరుగుదల 17.5 గ్రాముల మీదా, 60 గ్రాముల మీదా ఒక్కటే అవుతుందా? పైగా వెండి గిన్నెనైతే కరిగించి అమ్ముకుంటాం. నాణేన్ని కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం.

మరి 4,380కి ఒకటి, 4,050కి ఒకటి ఎందుకంటారా? ఖరీదైన దాన్ని ప్రూఫ్ అంటారు. బిళ్లకీ, అచ్చుకీ ముందే మెరుగు పెట్టి, ఒకటికి రెండుసార్లు కొడతారు. దాంతో నేల అద్దంలా మెరుస్తుంది, బొమ్మ మాత్రం మసక తెలుపుగా పైకి తేలుతుంది. రెండో రకం మామూలు పద్ధతిలోనే అచ్చయినా చేతులు మారని బిళ్ల. రెండూ దాచుకోవడానికే తప్ప బజారులో చెలామణికి కావు. అమ్ముకుందామంటే మింటు వెనక్కి తీసుకోదు, డీలరు దగ్గరికే వెళ్ళాలి. ఆయన తన లాభం చూసుకునే కొంటాడు.

బ్యాంకులో రిటైరైన పెద్దాయనకు ఈ కొత్త నాణేలంటే చిరాకు. మన దేశంలో స్వతంత్రం వచ్చాక మొదటి స్మారక నాణెం 1964లో నెహ్రూ గారిది. రూపాయి, అర్ధ రూపాయి బిళ్లలు. తర్వాత 1969లో గాంధీ గారి శతజయంతికి వచ్చాయి. అప్పట్లో ఎప్పుడో ఒకటి వచ్చేది కాబట్టి దానికో గౌరవముండేది. ఇప్పుడు ప్రతి సంస్థకూ, ప్రతి ఉత్సవానికీ ఒక వంద రూపాయల బిళ్ల వస్తోంది. అన్నీ కొనాలంటే పెన్షను చాలదు, కొన్ని మానేస్తే సెట్టు కుదరదు అని ఆయన బాధ. నా మట్టుకు నాకు ఆయన మాటలో న్యాయముందనిపించింది. రోజూ పండగైతే పండగకు విలువేముంటుంది?

డీలరు గారు ఇంకో రహస్యం చెప్పారు. చాలా స్మారక నాణేలకు మింటు ముందుగా బుకింగు పెట్టి, వచ్చిన ఆర్డర్లను బట్టి ముద్రిస్తుంది. అందుకని అందరూ ఎగబడి కొన్న నాణెం అందరి బీరువాల్లోనూ ఉంటుంది. రేపు అమ్మబోతే కొనేవాడేడీ? ఎవరూ పట్టించుకోని నాణేనికి ఒక్కోసారి పదేళ్ళ తర్వాత గిరాకీ వస్తుంది. ఏది ఎప్పుడు పెరుగుతుందో ముందుగా చెప్పగలిగిన వాళ్ళు ఈ వ్యాపారంలోనే లేరట. ఆయనే అలా అంటే, పక్కింటి పిన్నిగారి మాట మీద నమ్మకం పెట్టుకుని మనం చీటీ డబ్బులు పెట్టడం ఎంతవరకు సబబు?

నాకు బాగా నచ్చింది ఆ గృహిణి మాట. ఆవిడ పెట్టెల్లో వచ్చే నాణేలు కొనరు. కూరల బజారులో, బస్సులో చిల్లరగా వచ్చిన స్మారక బిళ్లలే ఏరుకుంటారు. మదర్ థెరెసా శతజయంతి 5 రూపాయల బిళ్ల, తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్ళ పండక్కి వేసిన 5 రూపాయల బిళ్ల ఆవిడకలా దొరికినవే. బిళ్ల మీద సంవత్సరం కింద ఉన్న చిన్న గుర్తు చూసి ఏ ఊళ్ళో అచ్చయిందో చెప్పేస్తారు. నక్షత్రం ఉంటే మన హైదరాబాదు, వజ్రం ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఆవిడ మనవరాలు ఆ బిళ్లలు చూసే మదర్ థెరెసా ఎవరో తెలుసుకుందట. ఖర్చు ఐదు రూపాయలు, దొరికింది అంతకు ఎన్ని రెట్లో!

అసలు నేను అడగదలచుకున్న ప్రశ్న ఇక్కడే ఉంది. ఆడవాళ్ళ పేరుమీద వచ్చిన నాణేలను ఒక వరసలో పెట్టి చూడండి. 1975లో అంతర్జాతీయ మహిళా సంవత్సరం వచ్చింది, సమానత్వం, అభివృద్ధి, శాంతి అని నాణేలు వేశారు. 1980లో గ్రామీణ మహిళల అభ్యున్నతి పేరుతో వేసినవాటిలో 10 పైసల బిళ్ల, 25 పైసల బిళ్ల కూడా ఉన్నాయి. అంటే ఏ గ్రామీణ మహిళ గురించి వేశారో ఆమె కొంగుముడిలోకీ ఆ బిళ్ల వచ్చింది! 1985లో ఇందిరా గాంధీ బొమ్మతో అర్ధ రూపాయి, 5 రూపాయల బిళ్లలు వచ్చాయి. 2014లో బేగం అఖ్తర్ గారికి, 2015లో రాణి గైదిన్ల్యూ గారికి వంద రూపాయలతో పాటు 5 రూపాయల నాణెమూ వేశారు. 2017లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గారికి వందతో పాటు 10 రూపాయలది వేశారు. ఆ తర్వాత చూడండి. 2020లో విజయరాజె సింధియా గారికి 100 రూపాయల నాణెం, 2023లో మీరాబాయికి 525 రూపాయల నాణెం, 2025లో అహల్యాబాయి హోల్కర్‌కు 300 రూపాయల నాణెం. ఇవన్నీ పెట్టెల్లోకి పోయేవే, చేతుల్లోకి వచ్చేవి కావు.

మీరాబాయి పాట పాడుకోని ఇల్లుండదు. అహల్యాబాయి ఊరూరా బావులు, ఘట్టాలు కట్టించింది. వాళ్ళ బొమ్మ వేలు పోసి కొనగలిగిన వాళ్ళ అల్మరాలోనే ఉంటే అది స్మారకమెలా అవుతుంది? ఎవరికి గుర్తుచెయ్యాలని? కలెక్టర్ల కోసం వెండి నాణెం వెయ్యండి, కాదనం. దానితో పాటు 5 రూపాయలదో, 10 రూపాయలదో చిల్లరలోకి వదలండి. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి బొమ్మతో ఒక 5 రూపాయల బిళ్ల వచ్చి, పూలమ్మే ఆవిడ చేతిలోంచి మన చేతిలోకి పడితే ఎంత బాగుంటుందో ఊహించుకోండి. ఆర్థిక శాఖ వారికి మహిళా సంఘాలు రాయవలసిన ఉత్తరం ఇది.

ఇక మన ఇళ్ళలోనే ఉన్న నాణేల సంగతి. దేవుడి పెట్టె వెతికితే 1969 నాటి గాంధీ 10 రూపాయల వెండి బిళ్ల చాలామందికి దొరుకుతుంది. 15 గ్రాముల బరువు, నూటికి 80 పాళ్ళు వెండి, అంటే 12 గ్రాములు. వరలక్ష్మీ వ్రతానికి 108 చొప్పున పోగుచేసిన కమలం గుర్తు 20 పైసల బిళ్లలూ ఉంటాయి. వాటిలో బంగారం కలిసిందని ఒకప్పుడు పెద్ద పుకారు. అందులో బంగారం లేదు. అయినా అత్తగారి చేతి మీదుగా వచ్చిన ఆ 108 బిళ్లలకు ఏ డీలరు వెల కట్టగలడు?

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పాత నాణేలను తోమకండి! పండగ వస్తే చాలు, చింతపండు, ముగ్గుపిండి, పీతాంబరి అని మన చెయ్యి ఊరుకోదు. తోమితే తళతళలాడుతుంది గానీ పైపొర గీరుకుపోతుంది. నాణేలు తెలిసినవాడు భూతద్దంలో చూసి, ఇది తోమినది అని పక్కన పెట్టేస్తాడు. నల్లబడిన వెండి నాణేనికే ఎక్కువ ధర వస్తుంది. పూజలో పెట్టే బిళ్లలు వేరు, దాచుకునే బిళ్లలు వేరు చెయ్యండి. దాచుకునేవాటికి కుంకుమ, పసుపు, చేతి చెమట తగలనివ్వకండి. అంచులు పట్టుకుని తియ్యండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలో ఏళ్ళ తరబడి ఉంటే జిగురు పట్టి లోహం పచ్చబడుతుంది. నాణేల కోసం చేసిన అట్ట హోల్డర్లు దొరుకుతాయి, అవి వాడండి.

ఇంకో ప్రమాదం ఉంది, అది ఫోన్లో వస్తుంది. "మీ దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్ల ఉందా? లక్షలిస్తాం" అని వాట్సాప్‌లో బొమ్మలు పంపుతారు. ఆ బిళ్లలు 2012లో 5 రూపాయలకీ, 10 రూపాయలకీ చెలామణిలోకి వచ్చిన మామూలు నాణేలే. మనం ఆశపడి ఫోటో పంపగానే రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం ఒకటి వస్తుంది. ముందు కమిషను కట్టాలి, ఆ తర్వాత పన్ను కట్టాలి అంటారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి, కుట్టుపని చేసుకుని బతికే పిల్ల, ఇలాగే మూడు విడతలుగా ఇరవై రెండు వేలు కట్టింది. భర్తకు చెప్పలేక నెలరోజులు అన్నం సహించలేదు. ఆ పిల్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. ఆశ తప్పు కాదు, ఆ ఆశను అమ్ముకునేవాడిది తప్పు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాలతో తమకు సంబంధం లేదనీ, ఎలాంటి కమిషనూ తాము అడగమనీ, తమ తరఫున వసూలు చెయ్యడానికి ఎవరికీ అధికారం ఇవ్వలేదనీ చెప్పింది. కొనేవాడు డబ్బిస్తాడు, మనల్ని డబ్బడగడు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు. డబ్బు పోతే దాచుకుని కుమిలిపోకండి, వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, సైబర్ మోసాల ఫిర్యాదుకు పెట్టిన నంబరది.

అలాగే 1818 అని వేసి, సీతారామలక్ష్మణులు, హనుమంతుడి బొమ్మతో ఈస్టిండియా కంపెనీ అర్ధ అణా అని తిరిగే బిళ్లలు కంపెనీ వేసినవి కావు. దేవుడి బొమ్మ కదా అని పూజలో పెట్టుకుంటే తప్పులేదు. పురాతన నాణెం అని వేలు పోస్తేనే తప్పు.

మరి కొనాలా, వద్దా? ఎన్టీఆర్ అంటే ప్రాణమా? కొనుక్కోండి. ఎమ్మెస్ పాట వినందే తెల్లవారదా? కొనుక్కోండి. పట్టుచీర కొన్నప్పుడు రేపు ఎంతకు అమ్ముడుపోతుందని ఆలోచించం కదా, అలాగే కొనుక్కోండి. అమ్మాయి పెళ్ళికో, అబ్బాయి ఫీజుకో దాచిన డబ్బు మాత్రం ఇందులో పెట్టకండి. దానికి బ్యాంకు ఉంది, పోస్టాఫీసు ఉంది. కొన్న నాణేనికి రసీదు, పెట్టె, కూడా వచ్చిన కాగితం జాగ్రత్తగా పెట్టండి, అవి లేకపోతే ధర తగ్గుతుంది. ఏ నాణెం ఎప్పుడు, ఎంతకు కొన్నారో నోటుబుక్కులో రాసి, ఆ పుస్తకం ఎక్కడుందో కూతురికీ, కోడలికీ చెప్పండి. భర్త పోయాక ఆయన పోగుచేసిన నాణేలను పాత ఇనుము లెక్కన అమ్మేసిన ఇళ్ళున్నాయని డీలరు గారే చెప్పారు.

వేసవి సెలవుల్లో హైదరాబాదు వస్తే పిల్లల్ని సైఫాబాదు మింటు మ్యూజియానికి తీసుకెళ్ళండి. నిజాం కాలపు ఆ భవనంలో 2022లో ప్రారంభించారు. నాణెం ఎలా పుడుతుందో చూసిన పిల్లలు దాని విలువ రేటులోనే ఉందనుకోరు. ఇవాళ మీ పర్సులోని చిల్లర ఒకసారి బల్లమీద పోసి చూడండి. ఎవరి బొమ్మలున్నాయి, ఎవరివి లేవు? లేనివాళ్ళ పేర్లు ఒక కార్డు మీద రాసి మాకు పంపండి. ఆ పేర్లన్నీ ఈ పేజీలోనే అచ్చువేసి ఆర్థిక శాఖకు పంపుదాం.