భుజాలు వెనక్కి లాగితే ఊపిరి ఏమవుతుంది?

‘ఛాతీ విరుచు, భుజాలు వెనక్కి లాగు’ అన్న ఉపదేశం నేడు ప్రతి వ్యాయామశాలలోనూ, ప్రతి ఫోను తెరపైనా వినిపిస్తున్నది. గూని పోగొడతామంటూ భుజాలకు బిగించే పట్టీలూ విరివిగా అమ్ముతున్నారు. కుంగి కూర్చుంటే ఊపిరితిత్తులు పూర్తిగా విప్పారవన్నది నిజమే. అయితే కుంగుబాటుకు బిగుసుకుపోవడం విరుగుడు కానేరదు. ఈ భేదం చెప్పకుండా వ్యాయామాలు నేర్పేవారిపైనే నా అభ్యంతరం.

విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాసిస్తాం. అందులో ప్రధాన శ్రమ ఉదరవితానానిది, అనగా డయాఫ్రంది. అది కిందికి దిగినప్పుడు పొట్ట మెల్లగా ముందుకు వస్తుంది. కింది పక్కటెముకలు ఇరువైపులా విచ్చుకుంటాయి. భుజాలను బలంగా వెనక్కి లాగి, నడుము లోపలికి వంచి, పొట్ట బిగిస్తే ఈ కదలిక తగ్గిపోతుంది. అప్పుడు ఆ భారం మెడ కండరాలపై పడుతుంది. మెడనొప్పి పోవాలని మొదలుపెట్టిన వ్యాయామమే మెడను అలసటకు గురిచేస్తుంది. పైగా రబ్బరు పట్టీ లాగుతూ ఊపిరి బిగబట్టేవారెందరో! అలా శ్రమిస్తే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది. గుండెజబ్బు ఉన్నవారికి ఇది ప్రమాదకరం.

అన్నిటికన్నా బాధాకరమైనది మరొకటున్నది. ఏళ్లతరబడి బీడీ పొగో, కట్టెల పొయ్యి పొగో పీల్చి సీఓపీడీ బారిన పడిన పెద్దలు ఆయాసం వచ్చినప్పుడు మోకాళ్లపై చేతులు ఆన్చి ముందుకు వంగి కూర్చుంటారు. దానిని బద్ధకమనుకోకండి. ఆ భంగిమలో వారి డయాఫ్రం మెరుగ్గా పనిచేస్తుంది. చేతులకు ఆధారం దొరకడంతో ఛాతీ కండరాలూ శ్వాసకు తోడ్పడతాయి. ‘నాన్నా, నిటారుగా కూర్చో’ అంటూ వారి భుజాలు వెనక్కి లాగడమంటే, అందుతున్న కాస్త ఊపిరినీ లాక్కోవడమే.

కనుక ఈ చిన్న పరీక్ష చేసుకోండి. భుజాలను వెనక్కి తెచ్చి, కింది పక్కటెముకలపై అరచేతులుంచి ఊపిరి పీల్చండి. పక్కటెముకలు పక్కలకు విచ్చుకుంటే సరే. అవి కదలక భుజాలే పైకి లేస్తుంటే అతిగా లాగుతున్నారని గ్రహించండి. బిగువు సడలించండి, బలం ప్రయోగించేటప్పుడు గాలి వదలండి. కొత్తగా ఆయాసం మొదలైతే దానిని భంగిమ ఖాతాలో వేయకండి. గుండె, ఊపిరితిత్తులు, రక్తహీనత ఏదైనా కారణం కావచ్చు. ముందు వైద్యునికి చూపించుకోండి.

ఊపిరికి అడ్డువచ్చే భంగిమ ఎంత నిటారుగా ఉన్నా మంచి భంగిమ కాదు.