20 రూపాయల గోడ ఎన్నాళ్లు ఆపుతుంది?

అగ్గిపెట్టెలంటే శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టిలతో పాటు గుడియాత్తం పేరూ వస్తుంది. అక్కడ పెట్టెల్లో పుల్లలు నింపే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవే. ఆ చేతుల పనికి చైనా లైటరు ఎసరు పెట్టింది. పది రూపాయల లైటరు ఒక్కటి 20 అగ్గిపెట్టెల బేరం పోగొడుతోందని తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ 2022 సెప్టెంబరులో కేంద్రానికి లేఖ రాశారు.

కేంద్రం 2023 జూన్‌లో కదిలింది. రేవుకు చేరేసరికి ఒక్కోటి 20 రూపాయల కంటే తక్కువ పడే లైటర్లు రాకూడదంది. విడిభాగాల రూపంలో దూరకుండా 2024 అక్టోబరులో వాటి దిగుమతికీ ఆంక్షలు పెట్టింది. మంచిదే. కానీ ఈ గోడ పునాది గట్టిదేనా?

గాట్ ఒప్పందం 11వ అధికరణం ప్రకారం సుంకం వేసుకోవచ్చు గానీ, దిగుమతులను నిషేధించడం, పరిమితం చేయడం కూడదు. కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. కనీస ధర పెట్టి ఆపడమూ ఆ పరిమితి కిందికే వస్తుందని 1978లోనే తేలింది. అప్పటి కేసు యూరప్ దేశాలు టమాటా గుజ్జుకు పెట్టిన కనీస ధర మీద. రేపు ఏ దేశమైనా ఫిర్యాదు చేస్తే 20 రూపాయల నిబంధనను నిలబెట్టుకోవడం కష్టమే.

డబ్ల్యూటీవోలో అప్పీళ్లు వినే బెంచి 2019 డిసెంబరు నుంచి మూలన పడింది, ఇంక అడిగేదెవరు అనేవాళ్లున్నారు. అదే మాట అమెరికా అంటే? 2025 ఆగస్టు 27న భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆంబూరు, రాణిపేట తోలు వ్యాపారుల గుండె జారింది. అక్కడ న్యాయం కావాలనేవాళ్లు ఇక్కడా నిబంధనకు నిలబడాలి కదా.

దారి లేకపోలేదు. యాంటీ డంపింగ్ సుంకం అడగాలంటే అదే జాతి సరుకు తయారుచేసేవాళ్లే అడగాలి. అగ్గిపెట్టె, లైటరు ఒకే జాతి కావు. రక్షణ సుంకం సంగతి వేరు. నేరుగా పోటీపడే సరుకు చేసేవాళ్లూ దాన్ని అడగొచ్చు. మొదట నాలుగేళ్ల దాకా వేయొచ్చు, అవసరమైతే పొడిగించొచ్చు.

దానికి విచారణ ఉంటుంది. దిగుమతులు ఎంత పెరిగాయి, ఉత్పత్తి ఎంత పడింది, ఎందరికి పని పోయింది అన్నది కాగితం మీద చూపాలి. చిక్కంతా ఇక్కడే. చిన్న యూనిట్లలో రోజుకూలి లెక్క నోటిమాటగానే సాగిపోతుంది. నోటిమాట ఢిల్లీలో చెల్లదు.

అందుకే యజమానుల సంఘాలు యూనిట్ల వారీగా లెక్కలు రాయించాలి. వేలూరు జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లకు ఆ రాత నేర్పాలి. 20 రూపాయల నిబంధన అడ్డుగా ఉన్నప్పుడే ఈ పని కావాలి. అది కూలాక లెక్కలు వెతుక్కుంటే, అప్పటికి పుల్లలు నింపే చేతులకు పని మిగలదు.