అజ్ఞాతవాసంలో ఆటగాళ్లు

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రముఖుల అలవాట్లను అనుకరించడం యువతకు సహజం. కంప్యూటర్‌లో వ్యూహక్రీడలు ఆడే ప్రసిద్ధుల ఉదంతాల ద్వారా ఆటకూ వ్యసనానికీ గల భేదాన్ని విద్యార్థులు గ్రహించేలా చేయడం ఈ పాఠం ఉద్దేశం.

మానవుడు స్వభావరీత్యా క్రీడాప్రియుడు. పసితనంలో గవ్వలతో, చింతపిక్కలతో మొదలైన ఆట వయసుతోపాటు రూపం మార్చుకుంటుందే గాని మనసును విడిచిపోదు. పదవి పెరిగినా, కీర్తి వచ్చినా, సంపద కలిగినా ఆడాలనే కోరిక అలాగే నిలిచి ఉంటుంది. అయితే పేరు వచ్చిన మనిషికి ఆటతోపాటు మరొక చింత కూడా పట్టుకుంటుంది. అది 'నలుగురూ చూస్తే ఏమనుకుంటారో' అన్న చింత.

ఒకనాడు తరగతిలో ఒక విద్యార్థి పాఠ్యపుస్తకం చాటున సెల్‌ఫోన్ పెట్టుకొని ఆడుకుంటూ నా కంటపడ్డాడు. రాజ్యాలు స్థాపించి, సైన్యాలను నడిపి, శత్రువుల కోటలను వశపరచుకొనే వ్యూహక్రీడ అది. మందలిస్తే తల వంచుకొనే, "గొప్పవాళ్లందరూ రహస్యంగా ఇవే ఆడతారటండీ సార్!" అన్నాడు. తరగతి అంతా గొల్లుమంది. నాకు మాత్రం ఆ మాటను నవ్వి వదిలేయాలనిపించలేదు. ప్రముఖులు నిజంగా రహస్యంగా ఆడుతున్నారా? ఆడుతూ ఉంటే, అందువల్ల ఆ పిల్లవాని ఆటకు సమర్థన లభిస్తుందా? ఈ రెండు ప్రశ్నలూ వేరువేరుగా పరిశీలించదగినవి.

మారుపేరుతో ఆడిన ప్రసిద్ధులలో మనకు మొదట గుర్తుకు రావలసినవాడు ధర్మరాజు. నిండుసభలో ఆడిన జూదంలో అతడు రాజ్యాన్నీ, తమ్ములనూ, తననూ, చివరకు ద్రౌపదినీ పణంగా ఒడ్డి ఓడిపోయాడు. అరణ్యవాసంలో బృహదశ్వ మహర్షి అతనికి నలుని కథ వినిపించి, పాచికల మర్మమైన అక్షహృదయాన్ని ఉపదేశించాడు. ఆ తరువాత పదమూడవ యేట ధర్మరాజు కంకుభట్టు అనే పేరుతో విరాటుని కొలువులో చేరి, ఆ రాజుతోనే పాచికలాడుతూ కాలం గడిపాడు. రాజసూయం చేసిన చక్రవర్తి పరుల కొలువులో ఆటకాడుగా ఉండడం విచిత్రమే. కాని ఆ మరుగుకు ఒక గడువు ఉంది, ఒక ప్రయోజనం ఉంది. గడువు తీరగానే అతడు పాచికలను వదలి కర్తవ్యానికి లేచాడు. హద్దెరుగని ఆట నిండుసభలో అతణ్ణి ముంచింది. హద్దెరిగిన ఆట అజ్ఞాతవాసాన్ని దాటించింది.

ఆధునిక యుగంలో అజ్ఞాతవాసానికి అంతర్జాలం అనువైన విరాటనగరమైంది. అక్కడ ఆడేవానికి ముఖం అక్కరలేదు, ఒక మారుపేరు చాలు. 1972లో బోరిస్ స్పాస్కీని ఓడించి ప్రపంచ చదరంగ విజేత అయిన బాబీ ఫిషర్, ఆపై చాలాకాలం జనానికి దూరంగా బతికాడు. 2001లో ఇంగ్లండు గ్రాండ్‌మాస్టర్ నైజెల్ షార్ట్ ఒక సంచలన విషయం బయటపెట్టాడు. అంతర్జాలంలో తనతో వేగచదరంగం ఆడి ఓడించిన అజ్ఞాత వ్యక్తి ఫిషరేనని తాను నమ్ముతున్నట్లు చెప్పాడు. ఆ వార్త లోకమంతటా పాకింది. ఆడినది తాను కాదని ఫిషర్ ఖండించాడు.

ఇంకొక ఉదంతం దీనికంటే విచిత్రమైనది. 2016 డిసెంబరు చివరనుంచి 2017 జనవరి మొదటివారం వరకు 'మాస్టర్' అనే పేరుతో ఒక ఆటగాడు అంతర్జాలంలో ప్రత్యక్షమయ్యాడు. చైనాలో పుట్టిన 'గో' అనే ప్రాచీన వ్యూహక్రీడలో మేటి ఆటగాళ్లను ఓడించి 60 విజయాలు సాధించాడు. చివరకు ముసుగు తొలగితే అతడు మనిషే కాదు; డీప్‌మైండ్ సంస్థ నిర్మించిన 'ఆల్ఫాగో' అనే కంప్యూటర్ ప్రోగ్రాం! ఒక మారుపేరు వెనుక ఎవరినైనా ఊహించుకోవచ్చునని ఈ రెండు కథలూ చెబుతున్నాయి. "ఆడతారటండీ" అన్న మాటలోని 'అట'ను విద్యార్థులు గమనించాలి. మన భాష ఆ చిన్న ప్రత్యయంతోనే విన్నదానికీ కన్నదానికీ మధ్య గీత గీసిపెట్టింది.

నిజానికి ఈనాటి ప్రముఖులలో పలువురు తమ ఆటను దాచుకోవడం లేదు. 1991లో సిడ్ మేయర్ రూపకల్పనలో వెలువడిన 'సివిలైజేషన్' వ్యూహక్రీడకు పేరుపొందింది. క్రీస్తుపూర్వం 4000లో ఒక చిన్న ఊరితో మొదలుపెట్టి, నాగరికతను అంతరిక్షయానం దాకా నడిపించడం అందులోని పని. ఫేస్‌బుక్ స్థాపకుడు మార్క్ జుకర్‌బర్గ్ ఆ ఆటపై తన మక్కువను స్వయంగా చెప్పుకొన్నాడు. సూపర్‌మాన్ పాత్ర పోషించిన హెన్రీ కావిల్ 'టోటల్ వార్' ఆటలంటే తనకెంత ఇష్టమో బాహాటంగానే చెబుతాడు. ఎలాన్ మస్క్ 'పాలిటోపియా' అనే వ్యూహక్రీడకు ఎంతగా అలవాటుపడ్డాడో 2023లో వెలువడిన వాల్టర్ ఐజాక్సన్ రచించిన జీవితచరిత్ర వివరిస్తుంది. ఆ ఆట తన ఆలోచనలను ఆక్రమించి కలలలోకి సైతం వస్తున్నదని అతడు దానిని ఫోనునుంచి తొలగించాడు. కొన్నాళ్లకు మళ్లీ తెచ్చుకున్నాడు. రాకెట్లు నడిపించే సంస్థకు అధిపతి అయినవానికి కూడా అరచేతిలోని ఆటను ఆపడం కష్టమైందన్నమాట.

దాచుకొన్నవారూ లేకపోలేదు. అయితే వారు దాచినది ఆటను కాదు, ఆడిన వేళను. 2013 సెప్టెంబరులో సిరియాపై సైనికచర్య గురించి అమెరికా సెనేట్ కమిటీ చర్చిస్తుండగా, సెనేటర్ జాన్ మెకెయిన్ తన ఫోనులో పేకాట ఆడుతూ పత్రికా ఛాయాగ్రాహకురాలి కెమెరాకు చిక్కాడు. ఓడిపోవడమే తనకు అసలు బాధ అని చమత్కరించి తప్పుకున్నాడు. జర్మనీలోని తురింగియాకు అప్పటి రాష్ట్రాధినేత బోడో రామెలో, కరోనా కాలపు సుదీర్ఘ సమావేశాలలో 'కాండీ క్రష్' ఆడేవాణ్ణని 2021 జనవరిలో ఒప్పుకొని విమర్శలపాలయ్యాడు. ఇవి వ్యూహక్రీడలు కాకపోవచ్చు. కాని యుద్ధం గురించో, వ్యాధి గురించో పెద్దలు నిర్ణయాలు చేస్తున్నప్పుడు వారి చూపు బల్ల కింద ఉండడం ప్రజలకు రుచించదు.

క్రిప్టో వ్యాపారి శాం బ్యాంక్‌మన్-ఫ్రీడ్ కథ మరింత ఆలోచింపజేసేది. పెట్టుబడిదారులతో మాట్లాడుతూనే 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అనే ఆట ఆడుతున్నాడని తెలిసి, అప్పట్లో కొందరు దానిని మేధావి లక్షణంగా మెచ్చుకొన్నారు. 2022 నవంబరులో అతని సంస్థ కుప్పకూలింది. ఖాతాదారుల సొమ్ము కాజేసిన నేరానికి 2024 మార్చిలో 25 సంవత్సరాల జైలుశిక్ష పడింది. ఆటవల్లనే అతడు చెడ్డాడని నేననను. ఆటను చూసి అతణ్ణి మేధావి అనుకోవడం మాత్రం పొరపాటు.

ఇప్పుడు దాపరికం తలకిందులు కూడా అయింది. 'పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2' అనే పోరాట క్రీడలో మస్క్ పేరిట ఉన్న ఉన్నతస్థాయి ఖాతాను ఇతరులు కూడా ఆడిపెట్టారని అతడే అంగీకరించిన సంగతి 2025 జనవరిలో వెల్లడైంది. ఒకప్పుడు పెద్దలు ఆడుతూ ఆడనట్లు నటించేవారు. నేడు పరులు ఆడిన ఆటను తమదిగా చూపుకొనే రోజు వచ్చింది. రెండింటికీ మూలం ఒక్కటే, నలుగురి చూపుపట్ల భయమో ఆశో.

వ్యూహక్రీడలవల్ల మేలు లేదా అంటే, ఉంది. ముందుచూపు, వనరుల పొదుపు, ప్రత్యర్థి మనసును చదవడం వాటిలో అలవడతాయి. ఇందుకు డెమిస్ హసాబిస్ జీవితమే సాక్ష్యం. లండన్‌లో పుట్టిన అతడు పదమూడేళ్లకే చదరంగంలో మాస్టర్ స్థాయికి చేరాడు. 1994లో వెలువడిన 'థీమ్ పార్క్' అనే కంప్యూటర్ ఆట రూపకల్పనలో పాలుపంచుకొన్నప్పుడు అతడు ఇంకా పదిహేడేళ్ల కుర్రవాడు. 2010లో డీప్‌మైండ్ సహస్థాపకుడయ్యాడు. మనం చెప్పుకొన్న ఆల్ఫాగో ఆ సంస్థదే. ప్రోటీన్ల నిర్మాణాన్ని కంప్యూటర్‌తో ఊహించిన కృషికి 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. అయితే అతణ్ణి ఎత్తుకు చేర్చినది ఆడిన గంటల లెక్క కాదు. 'ఈ ఆట ఎలా పనిచేస్తుంది, దీనిని ఆడే బుద్ధిని యంత్రంలో ఎలా నిర్మించాలి' అన్న ప్రశ్న. ఆటనుంచి ప్రశ్నతో లేచినవాడు విజ్ఞాని అవుతాడు. మళ్లీ ఆటకోసమే లేచేవాడు ఆటకు బానిస అవుతాడు.

ఇక పెద్దలమైన మన తప్పు కూడా చెప్పుకోవాలి. కంప్యూటర్ ఆట అనగానే కన్నెర్రజేస్తాం. మార్కులు తప్ప మరొకటి కనపడని ఇంట్లో ఆట నేరమవుతుంది. నేరమైనది దుప్పటి చాటుకు చేరుతుంది. నేను మాత్రం తక్కువ తిన్నానా? అధ్యాపకుల గదిలో ప్రిన్సిపాల్ గారి అడుగుల చప్పుడు వినగానే, తెరమీది చదరంగాన్ని మూసి మార్కుల జాబితా తెరిచిన సందర్భాలు నాకూ ఉన్నాయి. ఆరుబయట ఆడే పిల్లవాణ్ణి పొద్దుగూకగానే అమ్మ పిలుస్తుంది, ఆట ముగుస్తుంది. చాటున ఆడే ఆటను ముగించడానికి పిలిచే గొంతు ఉండదు. దాపరికం ఆటకు ఉన్న హద్దును చెరిపివేస్తుంది. నా అభిప్రాయంలో అందులోని అసలు ప్రమాదం ఇదే.

మరునాడు ఆ విద్యార్థిని పిలిచి, అతని ఆటను నాకు నేర్పమన్నాను. మొదట బెదిరాడు, తరువాత ఉత్సాహంగా చెప్పాడు. అరగంట కాగానే, "ఇక చాలు సార్, రేపు పరీక్ష ఉంది" అని తానే ఫోను మూశాడు. గొప్పవాళ్లు రహస్యంగా ఏమి ఆడుతున్నారన్నది అతనికి ఇక అవసరం లేదనిపించింది. ఎప్పుడు ఆపాలో తెలిసినవానికి ఆటను దాచుకోవలసిన పని లేదు.