108 ఎక్కడుందో తెలుస్తోంది.. మరి ఆసుపత్రిలో స్ట్రెచర్?

జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి, అక్కడి నుంచి కడప రిమ్స్‌కు రోగిని రెఫర్ చేస్తే.. 108 వాహనం ఏ రోడ్డులో ఉందో జీపీఎస్ చెప్పేస్తుంది. గేటు దాటాక ఆ చూపు ఆగిపోతుంది. ఏ పెద్దాసుపత్రిలోనైనా స్ట్రెచర్ కోసం బంధువులు వార్డులు తిరగడం మామూలే.

దీనికి టెక్నాలజీ కొత్తదేం కాదు. టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్‌లో ఉన్నది ఆర్ఎఫ్ఐడీయే. అలాంటి ట్యాగ్‌నే ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌కు అంటిస్తే, రీడర్ ఉన్న తలుపు దాటినప్పుడల్లా నమోదవుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. కాకపోతే చివరగా ఏ తలుపు దాటిందో చెబుతుందే గానీ, ఏ మంచం పక్కనుందో చెప్పదు. అది కావాలంటే బ్లూటూత్ ట్యాగులు కావాలి.. వాటి బ్యాటరీలు ఎవరు మారుస్తారు? భవనాలు కొత్తవి కాబట్టి పులివెందుల మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ప్రయోగం తేలిక.

ముందు మొదలుపెట్టాల్సింది మాత్రం కాన్పుల వార్డులో. 2021 అక్టోబర్‌లో గుంటూరు జీజీహెచ్‌లో పసికందు అపహరణకు గురైతే పోలీసులు వెతికి తల్లి ఒడికి చేర్చారు. సీసీ కెమెరా జరిగిపోయాక చూపిస్తుంది. బిడ్డ కాలికి ట్యాగ్ ఉంటే గడప దాటేటప్పుడే అలారం మోగుతుంది. ఆ అలారం విని తలుపు దగ్గర ఆపే మనిషి కావాలి కదా! టెండర్‌లో ట్యాగులతో పాటు రాత్రి షిఫ్ట్ సెక్యూరిటీ గార్డు జీతం కూడా రాయాలి.